సౌదీ అరేబియాలో మన డాక్టరమ్మ
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నాకు ఇచ్చిన విషయము "విదేశములలో మన యువతరము". విదేశము అంటే ఏది? మా తాతగారికి ఈ నేటాల్ విదేశము. నాకు ఇది పుట్టిల్లు. ఇండియానుండి వచ్చే అతిథులు "విదేశములో ఉండి కూడ తెలుగు మరువలేదమ్మా" అని నన్ను మెచ్చుకొంటారు. నేను ఎక్కడికీ వెళ్ళనే లేదు కదా అని అనుకొంటాను. అందుచేత విషయమును కొంచెము చిన్నది చేసుకొన్నాను. మా చెల్లెలి కూతురు సౌదీ అరేబియాలో, రియాద్ నగరములో డాక్టరుగా పని చేస్తున్నది. నిరుడు డిసెంబరు సెలవులలో నేను సందర్శక వీసా మీద వెళ్ళి ఆమె దగ్గర నెల రోజులు ఉండి వచ్చినాను. ఆమెను గురించే చెప్తాను. పేరు మాత్రము చెప్పవద్దని మాట తీసుకొన్నది. ఈ హాలులో సగము మందికి పేరు తెలుసు, అది వేరే సంగతి.

ముందు ఫోటోల సంగతి చెప్పాలి. రెండేళ్ళుగా మా కుటుంబములో అందరి ఫోన్లకూ ఆ అమ్మాయి ఫోటోలు వస్తున్నవి. ఒకనాడు అల్-ఉలాలో రాతిని తొలచి కట్టిన సమాధుల ముందు నిలబడి ఉంటుంది. ఇంకొకనాడు సముద్రము మీదుగా బహ్రెయిన్ వెళ్ళే వంతెన మీద కారులో ఉంటుంది. మిగిలినవన్నీ భోజనములే. పెద్ద తెల్లని పళ్ళెము, దాని నడుమ నిమ్మకాయంత పదార్థము, దాని మీద ఒక ఆకు. మా చెల్లెలు ఒకసారి నాకు ఫోను చేసి, "అక్కా, దీనిని మనము డాక్టరు చదివించినది ఇందుకేనా? ఇది ఉద్యోగమా, విహారయాత్రా?" అన్నది. పెళ్ళి మాట ఎత్తితే ఆ పిల్ల ఇంకొక ఫోటో పంపుతుంది.

అసలు ఆమె ఎందుకు వెళ్ళినది? మా కాలములో ఒక ఇంటినుండి డాక్టరు వస్తే వీధి అంతటికీ పండుగ. తెల్లవారు కాని విద్యార్థుల కొరకు డర్బన్‌లో వైద్య కళాశాల తెరచినది 1951 లో. దానిలో ఒక చోటు దొరకడమంటే నలుగురు అన్నదమ్ముల చదువు ఆపి ఒకరిని పంపడము. అటువంటి చదువు చదివి, రెండేళ్ళు ఇంటర్నుగా, ఒక సంవత్సరము గ్రామసేవలో పని చేసి, తర్వాత ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో తాత్కాలికపు ఉద్యోగము చేసినది మా అమ్మాయి. ఆ గడువు ముగిసినది. ఖాళీలు ఉన్నవి, జీతమునకు డబ్బు లేదు అన్నారు. రోగులు బయట వరుసలో నిలబడి ఉండగా డాక్టరు ఇంట్లో కూర్చొని దరఖాస్తులు వ్రాసుకొనడము ఈ దేశములో మనము చూడవలసి వచ్చినది. 1994 లో మన దేశమునకు, సౌదీకి దౌత్య సంబంధములు ఏర్పడిన తర్వాత మన నర్సులు, డాక్టర్లు, బడి పంతుళ్ళు అక్కడికి వెళ్ళుతూనే ఉన్నారు. ఈమె కూడ ఆ దారి పట్టినది.

ఆ దారి అంత సులభము కాదు. 1992 లో ఏర్పడిన సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ అనే సంస్థ ఒప్పుకొననిదే అక్కడ ఎవ్వరూ స్టెతస్కోపు పట్టరాదు. మన పట్టా మనము చూపితే చాలదు. డేటాఫ్లో అనే కంపెనీ నేరుగా కాలేజీకే వ్రాసి, ఈ పట్టా మీరు ఇచ్చినదేనా అని అడుగుతుంది. అటు తర్వాత కంప్యూటరు ముందు కూర్చొని ప్రోమెట్రిక్ పరీక్ష వ్రాయాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూలు. మా అమ్మాయి నాలుగు ఇంటర్వ్యూలు చేసినది, అన్నీ తన పడక గదినుండే, పైన కోటు, క్రింద ఇంటి పాజామాతో. సౌదీలో 2013 నుండి వారపు సెలవులు శుక్ర శనివారములు. అందుచేత వారి సోమవారము మన ఆదివారము. మా చెల్లెలు గుడికి పోకుండ తలుపు బయట కాపలా కూర్చొన్నది, కుక్క మొరగకుండ.

మొదటి ఇంటర్వ్యూలో గెలిచినది. ఒక ఏజెంటు వచ్చి రియాద్‌లో ఉద్యోగమన్నాడు. తీరా కాగితము వచ్చిన తర్వాత చదివితే, పని చేయవలసిన స్థలము అన్నచోట "రాజ్యములో యజమాని నిర్ణయించిన ఎక్కడైనను" అని ఉన్నది. పని గంటలు అన్నచోట ఖాళీ. ఆ కాగితమును పట్టుకొని అమ్మాయి మా ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, మీ తాతగారి కాగితము ఒకసారి చూపండి" అన్నది.

మా ఇంట్లో తాతగారి గిర్మిట్ కాగితపు నకలు ఉన్నది. మీలో చాలామంది ఇండ్లలో ఉండే ఉంటుంది. 1860 నవంబరు 16 న ట్రూరో ఓడ మద్రాసునుండి వచ్చి డర్బన్ రేవు చేరినది మొదలు 1911 వరకు 1,52,184 మంది ఈ విధముగా వచ్చినారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య. తొలి కాగితములలో జీతము నెలకు పది షిల్లింగులు, ఏటికొక షిల్లింగు పెంపు, అయిదేళ్ళు. ఏ తోటలో పని అన్నది ఓడ దిగిన తర్వాత గాని తెలియదు. తోట దాటి పోవాలంటే చీటీ కావాలి. తాతగారికి చదువు రాదు, బొటనవ్రేలి ముద్ర వేసినారు. ఆయనకు చదవడము వచ్చి ఉంటే ఓడ ఎక్కేవారు కారేమో, అప్పుడు నేను ఇక్కడ ఉపన్యాసము ఇచ్చేదానిని కాను.

రెండు కాగితములను బల్ల మీద ప్రక్క ప్రక్కన పెట్టి చూచినాము. ఆ రెండూ ఒకటే అని నేను అననండి. అలా అనడము తాతగారికి అవమానము. డాక్టరుకు ఆరు అంకెల జీతము, విమానము టిక్కెట్టు, సామానుతో సహా ఇల్లు. ఇష్టము లేకపోతే తిరిగి వచ్చే దారి ఉన్నది. కాని ఆ "ఎక్కడైనను" అన్న ఒక్క మాట మాత్రము రెండింటిలోను ఉన్నది. అమ్మాయి సంతకము చేయలేదు. ఏజెంటు కోపముతో మాట్లాడినాడు. మూడు నెలల తర్వాత నాలుగవ ఇంటర్వ్యూలో ఆసుపత్రి పేరు, ఊరు, గంటలు అన్నీ వ్రాసిన కాగితము వచ్చినది. అది సంతకము చేసినది.

ఇక్కడ కొన్ని సంగతులు, వెళ్ళదలచిన పిల్లలు వ్రాసుకొనండి. అక్కడి చట్టము ప్రకారము ఒప్పందములో అరబ్బీ పాఠమునకే ప్రమాణము. ఇంగ్లీషులో ఎంత చక్కగా వ్రాసినా అరబ్బీలో వేరుగా ఉంటే అరబ్బీయే నెగ్గుతుంది. కనుక అరబ్బీ తెలిసినవారికి చూపించండి. ఉద్యోగము ముగిసినప్పుడు ఇచ్చే సొమ్ము మొదటి అయిదేళ్ళకు ఏటికి సగము నెల జీతము. మీరే రాజీనామా ఇస్తే రెండేళ్ళ లోపు ఏమీ రాదు. అక్కడ జీతము మీద పన్ను లేదని అందరూ సంతోషపడతారు. మన ప్రభుత్వము 2020 మార్చి 1 నుండి విదేశపు జీతములో 12,50,000 రాండ్లకు మాత్రమే మినహాయింపు ఇస్తున్నదని చాలామందికి తర్వాత తెలుస్తుంది.

రియాద్‌లో దిగగానే ఆమె చేత పది వ్రేళ్ళ ముద్రలు తీసుకొన్నారు. "తాతగారికి ఒక్క వ్రేలు, నాకు పది" అని నాకు సందేశము పంపినది. తర్వాత ఇకామా అనే నివాసపు కార్డు. దాని మీద పది అంకెల సంఖ్య, పరదేశీయులందరికీ రెండుతో మొదలవుతుంది. పెద్ద సర్జనుకైనా, రోడ్డు ఊడ్చేవానికైనా ఆ రెండే.

ఇప్పుడు భోజనముల సంగతికి వస్తాను, మా చెల్లెలు ముందు వరుసలో కూర్చొని ఉన్నది కనుక.

నేను వెళ్ళిన మూడవనాడు అమ్మాయి నన్ను దిరియా అనే చోటుకు తీసుకొనిపోయినది. అక్కడ సౌదీ రాజవంశపు పాత మట్టికోట ఉన్నది. యునెస్కో 2010 లో దానిని ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. దాని ఎదుట 2022 లో తెరచిన బుజైరి టెర్రస్ అంతా భోజనశాలలే. కూర్చొంటే ఎదురుగా దీపకాంతిలో మట్టిగోడలు బెల్లపు రంగులో కనపడుతాయి. అంత చక్కని చోట నేను ఎన్నడూ తినలేదు. బిల్లు చూడలేదు, చూడనివ్వలేదు. ఒక రియాల్ అంటే దాదాపు అయిదు రాండ్లు అని లెక్క కట్టడము మొదటి వారము తర్వాత మానివేసినాను, ఆకలి పోతున్నది.

జరీష్ అనే వంటకము పెట్టినారు. 2023 లో దానిని సౌదీ జాతీయ వంటకముగా ప్రకటించినారు. గోధుమనూకను పెరుగుతో మెత్తగా ఉడికించి పైన వేయించిన ఉల్లిపాయలు వేస్తారు. నోట్లో పెట్టుకోగానే నాకు మా అమ్మ మక్కనూకతో చేసే సంకటి, మజ్జిగ గుర్తుకు వచ్చినవి. ఏలకులు వేసిన పలచని కాఫీ, ఖర్జూరములు. కప్పు ఖాళీ అయితే మళ్ళీ పోస్తూనే ఉంటారు. చాలు అనాలంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. ఈ రహస్యము నాకు ఎవ్వరూ చెప్పలేదు, ఏడు కప్పులు త్రాగినాను.

ఆ బల్ల చుట్టూ ఆరుగురము. ఒక సూడాన్ డాక్టరు, ఒక ఈజిప్టు డాక్టరమ్మ, ఫిలిప్పీన్స్‌నుండి వచ్చిన నర్సు, లాహోరునుండి వచ్చిన పిల్లల డాక్టరు, మేమిద్దరము. సూడాన్ అబ్బాయి ఇంటిలో 2023 ఏప్రిల్‌నుండి యుద్ధము. తల్లిని కైరో చేర్చినాడు, తండ్రి జాడ ఆ మధ్యనే తెలిసినది. అతడు కూడ ఆ పళ్ళెమునకు ఫోటో తీసి తల్లికి పంపినాడు, తాను బాగున్నానని. అప్పుడు నాకు ఆ ఫోటోల అర్థము తెలిసినది. పన్నెండు గంటల రాత్రి డ్యూటీ తర్వాత ఖాళీ ఫ్లాటుకు పోయి ఒంటరిగా రొట్టె నమలలేక వీరు ఒకచోట కలుస్తారు. దానిని ఇంగ్లీషులో ఏ పేరుతో పిలిచినా, అది వారి ఇంటి భోజనము. ఏడ్చిన రోజున ఎవరూ ఫోటో తీయరు కదా. చెల్లీ, వింటున్నావా?

ఇంకొక మాట. 2019 డిసెంబరు వరకు అక్కడి హోటళ్ళలో మగవారికి ఒక ద్వారము, కుటుంబములకు వేరొక ద్వారము తప్పనిసరి. 2018 జూన్ వరకు స్త్రీలు కారు నడపరాదు. ముప్పై ఏళ్ళ క్రిందట అక్కడ పని చేసిన మన నర్సులు ఇద్దరు ముగ్గురు ఈ ఊరిలోనే ఉన్నారు. వారానికి ఒకసారి ఆసుపత్రి బస్సులో బజారుకు వెళ్ళి రావడమే వారి విహారము. మా అమ్మాయి తానే కారు నడిపి నన్ను తీసుకొనిపోయినది. 2024 డిసెంబరులో తెరచిన మెట్రో రైలులో కూడ తిరిగినాము, డ్రైవరు లేని రైలు. నాకు భయము వేసినది, ఆమెకు నవ్వు వచ్చినది.

అయితే ఆ ఆసుపత్రికి వేరే మనుష్యులు కూడ వస్తారు. వారిని గురించి చెప్పకపోతే ఈ ప్రసంగము సగమే.

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల పేర్లు మన పిల్లలు పటములో చూచి ఉంటారు. అక్కడినుండి వేలమంది మగవారు కట్టడముల పనికి, గొఱ్ఱెలు ఒంటెలు కాయడానికి, స్త్రీలు ఇంటి పనికి గల్ఫు దేశములకు వెళ్ళుతారు. 2021 మార్చి 14 న సౌదీలో క్రొత్త నియమములు వచ్చి, చాలామంది పనివారు యజమాని అనుమతి లేకుండ ఉద్యోగము మారవచ్చును, దేశము విడిచి వెళ్ళవచ్చును అన్నారు. గొఱ్ఱెల కాపరులకు, ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు ఆ నియమములు వర్తింపజేయలేదు. తోట దాటడానికి చీటీ అన్న మాట నాకు మళ్ళీ గుర్తుకు వచ్చినది.

ఒక రాత్రి రెండు గంటలకు అటువంటి కాపరి ఒకనిని అత్యవసర విభాగమునకు తెచ్చినారు. యజమానియే ఎడారిలో రెండు వందల కిలోమీటర్లు నడిపి తెచ్చినాడు. చెడ్డవాడు కాడు, కంగారు పడుతున్నాడు. మనిషి పాలిపోయి, చెమటలు పట్టి, మాట తూలుతున్నది. అతనికి అరబ్బీ గొఱ్ఱెలను పిలిచేంత వచ్చును. ఇంగ్లీషు రాదు. హిందీ కొంచెము. కేరళ నర్సు హిందీలో అడిగితే "పేట్ మే దర్ద్" అన్నాడు, అంతే. కడుపు నొప్పి అని వ్రాసినారు. 2012 లో జిద్దాలో మెర్స్ వ్యాధి బయటపడిననాటినుండి కాపరి వస్తే ఒంటెలను గురించి, జ్వరమును గురించి తప్పక అడుగుతారు. అదీ అడిగినారు, లేదన్నాడు. మా అమ్మాయి ప్రక్క మంచము దగ్గర వేరే రోగిని చూస్తున్నది. అప్పుడు అతడు నొప్పితో "అవ్వా" అన్నాడట.

ఆమె వచ్చి, "బాబాయీ, ఎక్కడ నొప్పి?" అని తెలుగులో అడిగినది. అతడు కళ్ళు తెరచి చూచి, ముందు ఏమీ చెప్పలేదు, ఆమె చేయి పట్టుకొన్నాడు. తర్వాత చెప్పినాడు: "బిడ్డా, నాలుగొద్దులాయె, దొడ్డికి నల్లగ వోతున్నది. గీ ముచ్చట ఆళ్ళకెట్ల జెప్పాలె?"

డాక్టర్లు ఈ సభలో ఉన్నారు, వారికి వెంటనే అర్థమై ఉంటుంది. మోకాళ్ళ నొప్పికి అతడు నెలల తరబడి పరగడుపున నొప్పి మాత్రలు మ్రింగుతున్నాడు. కడుపులో పుండు పడి లోపల రక్తము కారుతున్నది. నల్లగా పోవడము దానికి గుర్తు. ఆ సంగతి పరాయి ఆడవారికి సైగలతో చెప్పడానికి సిగ్గు పడి నోరు మూసుకొన్నాడు. రక్తము ఎక్కించినారు, తెల్లవారగానే గొట్టము వేసి చూచి పుండును మూసినారు. మూడు వారములకు కోలుకొని ఊరికి వెళ్ళినాడు. టిక్కెట్టు యజమానియే కొన్నాడు.

కోలుకొన్న తర్వాత "నీది ఏ ఊరు బిడ్డా?" అని అడిగినాడట. "డర్బన్" అంటే, కొంతసేపు ఆలోచించి "గది గుంటూరు దిక్కా?" అన్నాడు.

ఇది వినినప్పుడు నేను ఉపాధ్యాయురాలిని కనుక ఒక ప్రశ్న వేసినాను. "నీకు దొడ్డికి అన్న మాట ఎట్లా తెలిసినది?" మన సాయంకాలపు తరగతి వాచకములలో ఆ మాట లేదు. అందులో ప్రాతఃకాలము ఉన్నది, ఉద్యానవనము ఉన్నది, "రాజు వేటకు వెళ్ళెను" ఉన్నది. ఆమె నవ్వి, "పెద్దమ్మా, అది అమ్మమ్మ మాట" అన్నది. అమ్మమ్మ అంటే మా అమ్మ. చెఱకు తోటల కూలి లైన్లలో పుట్టి, బడికి పోక, వంట ఇంటిలోనే ఉండి ఈ పిల్లను పెంచినది. అతిథులు వచ్చినప్పుడు ఆమె మాటలు మోటుగా ఉన్నవని ఇంట్లో అందరము ముసిముసిగా నవ్వుకొనేవారము. కడుపు ఉబ్బరము, వేవిళ్ళు, పడిశము, సోష, వికారము, పట్టివేత, ఒళ్ళు నొప్పులు, దొడ్డికి. ఆ అమ్మాయి ఆరు సంవత్సరముల వైద్యములో నేర్చినదంతా ఆ రాత్రి అమ్మమ్మ మాట దగ్గర ఆగి నిలబడినది.

మన 1996 రాజ్యాంగములో గౌరవించి ప్రోత్సహింపవలసిన భాషలలో తెలుగు పేరు ఉన్నది. ఇంగ్లీషులో అక్షరము ఒకటి అటూ ఇటూ చేసి వ్రాసినారు, సరే, ఉన్నది. కాని రాజ్యాంగము వచ్చి మంగళవారము సాయంత్రము అయిదు గంటలకు తరగతి చెప్పదు. పది సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఇరవైమంది పైన ఉండేవారు. ఇప్పుడు తొమ్మండుగురు. ఈ సంవత్సరము నడపాలా, మానాలా అని మన శాఖ కమిటీలో చర్చ జరిగినది. నా వంతు వచ్చినప్పుడు నేను ఆ కాపరి సంగతి చెప్పినాను. జనవరి వరకు చూద్దాము అన్నారు.

మా అమ్మాయి సంగతి మీరు అడుగుతారు. ఒప్పందము వచ్చే ఆగస్టుతో ముగుస్తుంది. మళ్ళీ ఇంటర్వ్యూలు మొదలైనవి. ఒకటి ఇక్కడే, డర్బన్‌లో ఫిజీషియను శిక్షణకు. ఒకటి ఐర్లండులో. ఆమె ఆసుపత్రివారు కూడ ఇంకొక రెండేళ్ళు ఉండమంటున్నారు. తిరిగి రమ్మని నన్ను చెప్పమని మా చెల్లెలు అడిగినది. నేను చెప్పలేదు. ఇక్కడ ఆమెకు ఉద్యోగము ఉన్నదని వ్రాసిన కాగితము చూచిన తర్వాత చెప్తాను. ఆ కాగితమును ఆమె ఎట్లా చదువుతుందో నాకు తెలుసు.

ఆమె నన్ను కోరినది ఒకటే. అమ్మమ్మ మాటలు, ఒంటికి, జబ్బుకు, నొప్పికి సంబంధించినవి, నాకు గుర్తున్నవన్నీ వ్రాసి పంపమన్నది. అక్కడ తెలుగు తెలిసిన ఇద్దరు నర్సులు ఉన్నారట, ముగ్గురూ కలిసి వాటి ప్రక్కన అరబ్బీ మాటలు వ్రాస్తున్నారు. నా తరగతి పిల్లలు ఇండ్లలో అడిగి తెచ్చినవి కలిపి ఇప్పటికి నూట పద్నాలుగు అయినవి. పిల్లలు ఇంత ఆసక్తితో ఏ ఇంటిపనీ చేయలేదు, ముఖ్యముగా చెప్పరాని మాటలు తెమ్మన్నప్పుడు.

తలుపు ప్రక్కన బల్ల మీద ఒక నోటు పుస్తకము, దారముతో కట్టిన పెన్సిలు పెట్టినాము. టీకి వెళ్ళే ముందు మీ ఇంటి పెద్దవారి మాట ఒకటి అందులో వ్రాయండి. తెలుగు అక్షరములు రాకపోతే ఇంగ్లీషు అక్షరములతో వ్రాయండి, పిల్లలు మార్చుకొంటారు. మోటు మాట అని సంకోచించవద్దు. వాటి కొరకే ప్రక్క పేజీ ఖాళీగా ఉంచినాము.